రేకు కదలాలి, నీరు రాకూడదు

అమెరికాలో కారు వెనక తగిలించుకుని అడవులకూ సరస్సుల ఒడ్డుకూ వెళ్లే చిన్న ట్రైలర్లలో టియర్‌డ్రాప్‌ది పాత వంశం. పక్కనుంచి చూస్తే ముందువైపు గుండ్రంగా ఉబ్బి, వెనక్కి సన్నగా వాలి, కన్నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది. లోపల ఇద్దరికి పడక. వెనక మూత ఎత్తితే పొయ్యి, నాలుగు గిన్నెలు పట్టే వంటగది. నిలబడేంత ఎత్తు ఉండదు. 1930లలోనే జనం దీన్ని ఇళ్ల దగ్గరే సొంతంగా కట్టుకోవడం మొదలుపెట్టారు. 1947 సెప్టెంబరులో ‘మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక దీని నమూనాను అచ్చువేసింది. యుద్ధకాలంలో విమానాల కోసం విపరీతంగా పెరిగిన అల్యూమినియం తయారీ, యుద్ధం ముగిశాక ఇళ్లకూ వాహనాలకూ మళ్లిన రోజులవి. ఆ తర్వాత పెద్ద ట్రైలర్లు వచ్చి దీన్ని పక్కకు నెట్టేశాయి. 1990లనుంచి మళ్లీ షెడ్లలో వీటి పని జోరందుకుంది.

ఈ బండిలో అందరి కళ్లూ ఆకారం మీదకో వంటగది మీదకో వెళ్తాయి. పనితనం మాత్రం పైకప్పులో ఉంది, అందులోనూ దాని అంచుల్లో ఉంది. చెక్కపని కాస్త అటూఇటూ అయినా రంగు కప్పేస్తుంది, పరుపు కప్పేస్తుంది. కప్పు కురిస్తే దాన్ని దాచేది ఏదీ లేదు. పైగా ఆ నీరు ప్లైవుడ్ పొరల మధ్యకు చేరి, బయటికి కనిపించకుండా నెలల తరబడి కుళ్లబెడుతుంది. అందుకే మంచి టియర్‌డ్రాప్ కప్పు వేసిన మనిషి చేతిని నేను మనసారా మెచ్చుకుంటాను. ఆ మెప్పుకు కారణాలు ఒక్కొక్కటే చెబుతాను.

ముందుగా ఆ మనిషి ఎదుర్కొనే చిక్కు ఏమిటో చూద్దాం. కింద ఉన్నది చెక్కపెట్టె, పైన వేసేది అల్యూమినియం రేకు. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు పెద్దగా స్పందించదు. అల్యూమినియానికి తేమతో పనిలేదు, ఎండ తగిలితే మాత్రం సాగుతుంది. 10 అడుగుల పొడవున్న రేకు తెల్లవారుజాము చలి నుంచి మధ్యాహ్నపు ఎండ దాకా 40 డిగ్రీల తేడా చూస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. వినడానికి చిన్న లెక్కే. కానీ ఈ రాకపోకలు ట్రైలరు బతికినన్నాళ్లూ రోజూ జరుగుతాయి. ఆ రేకును ఎక్కడికక్కడ గట్టిగా బిగించేస్తే అది పోవడానికి చోటులేక మధ్యలో ఉబ్బుతుంది, అలలు తేలుతుంది, లేదా స్క్రూలను కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటుంది. వదులైన స్క్రూ పక్కనుంచి నీరు దిగుతుంది. పోనీ వదులుగా వదిలేద్దామంటే గాలికి కొట్టుకుంటుంది. రేకును కదలనివ్వాలి, అంచును మాత్రం నీటికి మూసెయ్యాలి. కప్పు పనిలోని ప్రతి మెలకువా ఈ రెండిటికీ పొత్తు కుదర్చడానికే.

ఈ ఆలోచన రేకు కొనడానికి చాలా ముందే మొదలవ్వాలి. అమెరికాలో ప్లైవుడ్ అయినా రేకు అయినా మామూలుగా దొరికే కొలత 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. 10 అడుగుల పొడవు రేకులూ దొరుకుతాయి. లోపల 4 అడుగుల పరుపు పట్టాలని నేలను సరిగ్గా 4 అడుగులకు కోసి, దాని పక్కలకు ముప్పావు అంగుళం గోడలు నిలబెట్టారనుకోండి, బయటి వెడల్పు 49 అంగుళాల మీదకు పోతుంది. 48 అంగుళాల రేకు ఇక చాలదు. అప్పుడు 5 అడుగుల వెడల్పు రేకు తెప్పించుకుని మిగిలింది పారెయ్యాలి, లేదా నడుమ అతుకు వెయ్యాలి. తెలిసిన మనిషి బయటి వెడల్పును 48 అంగుళాలకు ఒక పిసరు తక్కువగా పెట్టుకుని, అక్కడినుంచి లోపలికి లెక్క వేసుకుంటాడు. నేల కోసిన రోజే కప్పు గురించి ఆలోచించాడన్నమాట.

అతుకు ఎందుకు వద్దో వివరంగా చెప్పుకోవాలి. ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. ఊళ్లో ఇంటికి పెంకులు పరిచేటప్పుడు పై వరస కింది వరస మీదకు వస్తుంది, నీరు జారిపోతుంది. కదలని ఇంటికి ఆ ఒక్క సూత్రం చాలు. ట్రైలరు కదులుతుంది. దాని ముందు వంపు మీద రెండు రేకులు కలిపి, పైది కింది దాని మీదకు వచ్చేలా వేస్తే, ఆ అతుకు నోరు ముందుకూ కిందకూ తెరుచుకుని ఉంటుంది. గంటకు 60 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలి ఒత్తిడి నీటిని నాలుగు సెంటీమీటర్లకు పైగా నిలువునా ఎత్తగలదు. వానలో ఆ గాలి నీటిని అతుకులోకి పైకి తోస్తుంది. పోనీ తిప్పి వేద్దామా అంటే, కింది రేకు పైదాని మీదకు వచ్చి, బండి ఆగి ఉన్నప్పుడు జారే వాన నేరుగా ఆ నోట్లో పడుతుంది. నిలబడితే ఒక తప్పు, నడిస్తే ఇంకో తప్పు. కాబట్టి ముందు వంపు మీద అతుకే ఉండకూడదు. ముందువైపు నేల అంచు దగ్గర మొదలైన రేకు వంపు ఎక్కి, నడినెత్తి దాటి, వెనక మూత మొదలయ్యే గీత దాకా ఒకే ముక్కగా రావాలి. 10 అడుగుల రేకు మీద అంత పట్టుదల అందుకే.

రేకు మందం సాధారణంగా 40 వేలవంతుల అంగుళం, అంటే ఇంచుమించు 1 మిల్లీమీటరు. అంతకన్నా బాగా పలచనైతే చెయ్యి ఆనినా సొట్ట పడుతుంది. బాగా మందమైతే ఒకరిద్దరి బలానికి వంగదు. 4 అడుగులకు 10 అడుగుల రేకు 10 కిలోలు తూగుతుంది. రకం ఎంచడంలోనూ వివేకం ఉంది. కొద్దిగా మాంగనీసు కలిసిన 3003 రకాన్ని సగం గట్టిదనంలో తీసుకుంటారు, దాని గుర్తు హెచ్14. విమానాల పేరు చెప్పి 6061 లాంటి గట్టి రకం తెస్తే, మడత పెట్టాల్సిన చోట పగుళ్లిస్తుంది.

ఆ 3003 రేకు స్వభావం చూడండి. 1 అడుగు వ్యాసార్ధం ఉన్న వంపు మీద దాన్ని వంచితే లోహానికి కలిగే సాగుదల దాని హద్దు లోపలే ఉంటుంది. అంటే చెయ్యి వదిలితే మళ్లీ బల్లపరుపుగా లేచిపోతుంది. టియర్‌డ్రాప్ ముందు వంపులు చాలావరకు అంతకంటే విశాలమైనవే. కాబట్టి ఆ కప్పు మీద ఉన్న రేకు వంపు ఎప్పటికీ నేర్చుకోదు. ట్రైలరు ఉన్నన్నాళ్లూ విడిపించుకుని చదునవ్వాలనే చూస్తుంది. దాన్ని చెక్కకు ఆనించి ఉంచేది అంచుల పట్టు ఒక్కటే.

ఇక పరచడం. గాలి లేని రోజు చూసుకోవాలి. అంత వెడల్పు రేకును గాలి లాగేసుకుంటే మడత పడుతుంది, మడత పడ్డ రేకు మళ్లీ నునుపు కాదు. కింద ప్లైవుడ్‌ను చేత్తో తడిమి, లేచిన మేకు తల ఒక్కటి కూడా లేకుండా చూడాలి. ఇంత పలచని రేకు కింద ఇసుక రేణువు ఉన్నా పైకి పొక్కులా తేలుతుంది. రేకు మీద కర్మాగారంలో అంటించిన పలచని ప్లాస్టిక్ పొరను ఇప్పుడే పూర్తిగా పీకరు, అంచుల దగ్గర మాత్రం కొద్దిగా వెనక్కి తీస్తారు. ముందు అడుగు అంచును పెట్టె నడిగీతకు మూలమట్టంగా సరిచూసుకుని అక్కడ బిగిస్తారు. ఈ సరిచూపులో తొందర పనికిరాదు. మొదట్లో వెంట్రుకవాసి వాలితే, 10 అడుగుల చివర ఒకపక్క రేకు చాలక చెక్క బయటపడుతుంది. తర్వాత సామాను కట్టే రాచెట్ బెల్టులను ట్రైలరు నడుము చుట్టూ వేసి, వాటి కింద పాత దుప్పట్లు పెట్టి, ఒక్కొక్క పంటి చొప్పున బిగిస్తూ ముందునుంచి వెనక్కి రేకును వంపు మీదకు దించుతారు. ఒక మనిషి అరచేతితో ముందుకు తడుముతూ ఎక్కడ గాలి చిక్కిందో చూస్తాడు, ఇంకొకరు బెల్టు బిగిస్తారు. తొందరపడి బెల్టు లాగితే గీటు పడుతుంది. మళ్లీ వదిలి మళ్లీ బిగించడానికి వెనకాడని వాళ్ల కప్పుల మీదే వెలుగు గీత తెగకుండా సాగుతుంది.

జిగురు సంగతి. కొత్తగా కట్టేవాళ్లకు రేకును మొత్తం జిగురుతో అంటించాలని మహా ఆశగా ఉంటుంది. మొదటి వారం చూడముచ్చటగానే ఉంటుంది కూడా. ఎండలో రేకు సాగడం మొదలయ్యాక జిగురు కొన్నిచోట్ల పట్టు వదిలి, కొన్నిచోట్ల వదలక, బుడగలు తేలుతాయి. అనుభవజ్ఞులు చాలామంది రేకుకూ చెక్కకూ మధ్య జిగురు పూయరు. ముందు అంచు స్థిరంగా ఉంటుంది, రెండు పక్కలూ అంచుపట్టీల కింద అదిమి ఉంటాయి, వెనక అంచుకు జారే వీలుంటుంది. పెరిగిన 3 మిల్లీమీటర్లూ వెనక్కే పోవాలి. వెనక రేకులో స్క్రూ పోయే రంధ్రాలను కోలగా, పొడవు దిశలో సాగదీసినట్టు చేస్తారు. బయటికి ఎవరికీ కనిపించని ఆ కోల రంధ్రాలు చూస్తే చాలు, కట్టిన మనిషి లోహాన్ని అర్థం చేసుకున్నాడని తెలిసిపోతుంది.

పక్కల అంచులు కత్తిరించడానికి రేకు కత్తెర తీసుకుంటే అంచు పళ్లు పళ్లుగా వస్తుంది. మంచి పనివాడు అంచులు చెక్కే రౌటర్ యంత్రానికి కార్బైడ్ పళ్ల బిట్ బిగిస్తాడు. దాని కొసన ఒక చిన్న బేరింగు ఉంటుంది. ఆ బేరింగు పక్కగోడను ఆనుకుని దొర్లుతుంటే, పైనున్న పళ్లు రేకును గోడకు సమంగా కోసుకుంటూ పోతాయి. వేడి రజను ముఖం మీదకు ఎగురుతుంది కాబట్టి కళ్లద్దాలు తప్పవు. రౌటర్ అడుగుపళ్లెం గీతలు పెట్టకుండా దాని కింద టేపు అంటిస్తారు. ఇక్కడితో ఆగిపోయినా తప్పులేదనిపిస్తుంది. కానీ ఉత్తమమైన పనిలో ఇంకో మెట్టు ఉంది. ఆకురాయి తీసుకుని ఆ అంచును గోడ ముఖం కంటే ఒక మిల్లీమీటరు లోపలికి అరగదీస్తారు. 4 అడుగుల వెడల్పులో కూడా రేకు ఎండకు ఒక మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది, రెండు వైపులకూ పంచితే పక్కకు అర మిల్లీమీటరు. పైన రాబోయే పట్టీ మూలకు రేకు గుద్దుకోకుండా ఆ చోటు వదులుతారు. అల్యూమినియం మెత్తన కాబట్టి రజను ఆకురాయి గాళ్లలో ఇరుక్కుని, తిరిగి రేకునే గీరుతుంది. దానికి విరుగుడుగా ముందే ఆకురాయికి సుద్దముక్క రుద్దుతారు. ఇనుము మీద వాడిన ఆకురాయిని దీనికి వాడరు. ఇనప రజను రేకులో దిగబడితే మొదటి వానకే తుప్పు చుక్కలు లేస్తాయి.

ఇప్పుడు అంచుపట్టీ. రేకు కంటే ఎక్కువ ఓర్పు కోరేది ఇదే. ఎల్ ఆకారపు అచ్చు గుండా నెట్టి తీసిన అల్యూమినియం పట్టీ ఇది. ఒక రెక్క కప్పు మీద, ఒక రెక్క గోడ మీద ఉంటుంది. ఒక రెక్కలో పొడవునా కాలువ ఉంటుంది. స్క్రూలు ఆ కాలువలో పడతాయి, పైన వినైల్ పట్టీ మూతగా కూర్చుంటుంది. సూటిగా ఉన్నచోట దీన్ని బిగించడం సులువు. వంపు దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. కప్పు మీది రెక్క వంపు వెంట హాయిగా వంగుతుంది. గోడ మీది రెక్క మాత్రం వంపు లోపలి వైపున ఉంటుంది కాబట్టి దాని పొడవు తగ్గాలి. లోహం కుదించుకోవాలి. బలవంతంగా వంచితే కుదించుకోలేక ముడతలు పడుతుంది. ఆ ముడత గోడకు ఆనదు, దాని కిందినుంచి నీరు పోతుంది.

ఈ ముడత రాకుండా వంచడంలోనే చెయ్యి తిరిగినవాళ్లు తెలుస్తారు. కొందరు గోడ ఆకారానికే ఇంకో ప్లైవుడ్ ముక్క కోసి, దాన్ని అచ్చుగా పెట్టుకుని, పట్టీని ట్రైలరు మీద కాకుండా ఆ అచ్చు మీద ముందుగా మలుస్తారు. ఒక జాన వంచి, ముడత మొదలవ్వబోతున్న చోట చెక్కసుత్తితో మెల్లగా కొట్టి చదును చేసి, ఇంకో జాన వంచుతారు. పట్టీ గట్టిగా ఉంటే వేడిచేసి మెత్తబరుస్తారు. అల్యూమినియం ఇనుములాగా ఎర్రబడి హెచ్చరించదు. 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. అందుకని పాత మెకానిక్కులు ముందుగా లోహం మీద సబ్బు రాస్తారు. మంట తగిలి ఆ సబ్బు నల్లబడగానే మంట తీసేస్తారు. చల్లారాక పట్టీ చెప్పినట్టు వింటుంది. ఉష్ణమాపకం లేకుండా సబ్బుముక్కతో వేడిని పసిగట్టిన ఆ తెలివికి నాకు ఎంత గౌరవమో చెప్పలేను. ఇంకో మెలకువ: పట్టీని ముందే కొలతకు కోసెయ్యరు. చివర ఒక అడుగు అదనంగా వదిలి, ఆ తోకను పట్టుకుని కిందకు లాగుతూ వంచుతారు. ఆ అడుగు లేకపోతే ఆఖరి జానను వంచడానికి చేతికి పట్టే దొరకదు. పని అయ్యాకే దాన్ని కోసేస్తారు.

స్క్రూలు పైనుంచి దించాలా, పక్కనుంచి కొట్టాలా అన్నది కూడా ఆలోచించాల్సిందే. పైనుంచి దించితే అవి రేకు గుండా పోయి ప్లైవుడ్ అంచులో, పొరల మధ్యలో దిగుతాయి. పొరలు విచ్చుకునే ప్రమాదం ఉంది, రేకుకు రంధ్రాలూ పడతాయి. పడ్డ ప్రతి రంధ్రాన్నీ స్క్రూ కాండం కంటే పెద్దది చెయ్యాలి, లేకపోతే రేకు కదలదు. పక్కనుంచి కొడితే స్క్రూ ప్లైవుడ్ ముఖంలో గట్టిగా పట్టుకుంటుంది, రేకుకు ఒక్క రంధ్రమూ పడదు. పట్టీ పై రెక్క కింద రేకు అదిమి ఉంటుంది, జారగలదు కూడా. నా ఓటు పక్క స్క్రూలకే. ఎటైనా అవి స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి. మామూలు ఇనప స్క్రూలు తుప్పు చారలు దించుతాయి. కప్పు కింద రాగి లవణాలు ఎక్కించిన చెక్క కూడా ఉండకూడదు. తేమ తగిలితే అవి అల్యూమినియాన్ని తినేస్తాయి.

పట్టీ కింద నీటిని ఆపేది బ్యుటైల్ టేపు. లప్పంలా మెత్తగా, బంకగా ఉంటుంది, ఏళ్లు గడిచినా గట్టిపడి పగలదు. రేకు అటూఇటూ జరిగితే తానూ సాగి, పట్టు వదలకుండా ఉంటుంది. సిలికాన్ పూసేవాళ్లున్నారు. అది ఊడాక ఆ చోట మళ్లీ ఇంకేదీ అంటుకోదు, కాబట్టి మరమ్మతు నరకమవుతుంది. బ్యుటైల్ వేసి స్క్రూలను ఒకేసారి బిగించరు. మొదటిరోజు టేపు అంచుల వెంట కొద్దిగా పిండుకు వచ్చేదాకా బిగించి వదిలేస్తారు. ఎండలో అది మెత్తబడి ఇంకా సర్దుకుంటుంది. కొన్ని రోజులు స్క్రూలన్నిటినీ వరసగా మరికొంచెం తిప్పుతూ పోతారు. బయటికి వచ్చినదాన్ని ప్లాస్టిక్ పలకతో గీకేస్తారు, ఇనప కత్తి వాడితే రేకు గీరుకుపోతుంది. ఈ ఓపిక లేక మొదటిరోజే చివరిదాకా బిగించిన పట్టీలకింద టేపు కొన్నిచోట్ల మందంగా, కొన్నిచోట్ల పలచగా మిగులుతుంది.

కాలువలోకి పోయే వినైల్ పట్టీ ఎండకు కురచవుతుంది. దాన్ని సాగదీస్తూ నొక్కితే వేసవి ముగిసేసరికి చివరి స్క్రూలు బయటపడతాయి. అందుకే దాన్ని లాగకుండా, వెనక్కి తోస్తూ కూర్చోబెట్టి, కొసలను చివరి స్క్రూ కింద బిగిస్తారు.

గాలిగవాక్షం కోసం కప్పులో 14 అంగుళాల చదరపు రంధ్రం ఉంటుంది. కింద చెక్కచట్రం ముందే ఉంటుంది కాబట్టి, రేకుకు ఒక చిల్లు పొడిచి, అదే బేరింగు బిట్‌ను చట్రం లోపలి అంచు వెంట తిప్పితే రంధ్రం దానంతట అదే సరిగ్గా వస్తుంది. మూలలు మాత్రం గుండ్రంగా ఉండాలి. మొనదేలిన మూలనుంచే రేకు చిరుగుతుంది.

వెనక మూత కీలు ఒక ప్రత్యేకమైన వస్తువు. అమెరికావాళ్లు దీన్ని హరికేన్ హింజ్ అంటారు. నడుమ సీల ఉండదు. రెండు అల్యూమినియం పట్టీలు ఒకదాని కొక్కెంలో ఒకటి దూరి తిరుగుతాయి. పై పట్టీ కింది దాని మీద చూరులా వంగి ఉంటుంది కాబట్టి వాన దాటిపోతుంది. జారడానికి దారి వదిలిన రేకు వెనక అంచు ఈ పై పట్టీ కిందే దాక్కుంటుంది. కప్పు గీత సూటిగా లేకపోతే ఈ కీలు తిరగనే తిరగదు. వెడల్పు మధ్యలో ఒక చిన్న ఉబ్బు ఉన్నా బిగుసుకుపోతుంది. కీలు లోపలికి చేరిన కొద్దిపాటి నీరు పక్క కొసలనుంచి బయటికి వస్తుంది. ఆ కొసల కింద చిన్న కాలువ పెట్టి నీటిని గోడ బయటికి నడిపించారో లేదో చూడండి. చాలా బండ్లలో కురిసేది అక్కడే.

అల్యూమినియం ట్రైలరు అనగానే అందరికీ రివెట్లు గుర్తొస్తాయి. చార్లెస్ లిండ్‌బర్గ్ విమానం ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ నిర్మాణాన్ని పర్యవేక్షించిన హాలీ బౌలస్ 1934లో రివెట్లతో మెరిసే ‘రోడ్ చీఫ్’ ట్రైలరు కట్టాడు. ఆ బాటలోనే 1936లో వాలీ బైయమ్ ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ వచ్చింది. వాటిలో అస్థిపంజరమూ లోహమే, చర్మమూ లోహమే, ఎండకు రెండూ కలిసి సాగుతాయి. మన విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీ కట్టే మేస్త్రీలు కూడా లోహపు చట్రం మీద రేకుకు రివెట్లు కొడతారు. ఆ పనిలో వాళ్ల నేర్పు గొప్పది. చెక్కపెట్టె మీద రేకు వేసే మనిషికి ఆ వెసులుబాటు లేదు. స్వభావం కలవని రెండిటిని ఒకచోట కాపురం పెట్టించాలి. అందుకే అతనికి రివెట్టు కంటే జారుడు రంధ్రం, మెత్తని బ్యుటైల్, అంచుపట్టీ ముఖ్యమయ్యాయి.

ఇలా కట్టిన కప్పుకు ఇంకో మేలు ఉంది. ఏళ్లు గడిచాక ఏ మూలో తేమ కనిపిస్తే, వినైల్ లాగేసి, స్క్రూలు విప్పి, పట్టీ ఎత్తి, పాత బ్యుటైల్ గీకి, కొత్తది వేసి మళ్లీ బిగించుకోవచ్చు. కింద ప్లైవుడ్ చెడితే రేకును చిరగకుండా ఒకే ముక్కగా ఎత్తి పక్కన పెట్టి, చెడిన చెక్క మార్చి, అదే రేకును తిరిగి పరచవచ్చు. జిగురుతో అంటించిన కప్పును విప్పాలంటే రేకును పాడుచేయక తప్పదు.